మూడు కిలోలకి మించి

తడి దుప్పట్ల బకెట్టు ఎత్తుకుని మూడంతస్తుల మెట్లెక్కి, డాబా మీద మొదటి దుప్పటి తీగ మీదికి విసిరిందో లేదో, వీపులో ఏదో పుటుక్కుమంది. నొప్పి కూడా కాదు, చొక్కా గుండీ తెగినట్టు అంతే. ఆమె నిజంగానే గుండీ ఎక్కడ పడిందా అని కింద వెతికింది. ఆ తర్వాత కుడి భుజం వెనక వెచ్చగా ఓ గీతలాగా ఏదో జారడం మొదలైంది. చెమటే అయ్యుంటుంది, ఎండ కదా, చెమటే అని తనకి తనే నచ్చజెప్పుకుంటూ మిగతా మూడు దుప్పట్లు కూడా ఆరేసింది. గాలికి ఎగరకుండా క్లిప్పులు కూడా పెట్టింది. వీపు చిరిగితే చిరిగింది గానీ బకెట్లో బట్ట మిగిలితే ఎలా.

వీపు మీద కుట్లు విప్పి అప్పటికి మూడు రోజులు.

అసలు ఈ గొడవంతా చెంప మీద మచ్చతో మొదలైంది. పెళ్ళి కుదరకముందు ఆమెని మొట్టమొదటిసారి చూసినప్పుడే అత్తగారు చటుక్కున చెయ్యి విసిరి, ఆ వెంటనే నాలిక్కరుచుకుని, ఈగ వాలిందనుకున్నానమ్మా అంది. అందరూ పగలబడి నవ్వారు. నవ్వకపోతే పొగరనుకుంటారని ఆమె కూడా నవ్వింది. ఎడమ చెంప మీద, పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఆ రోజు నుంచి మొగుడికి ఆమె ఈగ. ముద్దొస్తే ఈగమ్మ, కోపమొస్తే జోరీగ. పదకొండేళ్ళుగా ఇదే పేరు, అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకునేంతగా. ఊరికే పేరు పెట్టి వదిలేస్తే బాగుండేది, కానీ ప్రతి ఫొటో తీశాక మొగుడు జూమ్ చేసి చూసి, తీయించేసుకోవచ్చుగా, పది నిమిషాల పని అనేవాడు. అదేదో జుట్టు కత్తిరించుకోవడం అన్నట్టు.

ఆమె పని చేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. ఫ్రేము పెట్టి, చెవుల వెనక కాడలు సరిచేసి, ముక్కు మీద జారుతోందా అని అడిగి, స్కేలు పట్టుకుని రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. అంటే రోజుకి ముప్ఫై మంది జానెడు దూరం నుంచి ఆమె మొహంలోకి చూస్తారు. ఓ రోజు ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, ఆహా, ఎంత బాగా తెలుస్తోందమ్మా, నీ మచ్చ మీద వెంట్రుక కూడా కనిపిస్తోంది అన్నాడు. ఆయన మెచ్చుకున్నది కళ్ళజోడునే, పాపం. కానీ ఆ సాయంత్రమే ఆమె మొగుడితో సరే అనేసింది.

వీపు మీద మచ్చ సంగతి ఆ తర్వాత వచ్చింది. దుకాణం వెనక గదిలో లెన్సులు అరగదీసే అక్క ఉంది, మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా కనిపెట్టే కళ్ళు ఆవిడవి. ఒకరోజు ఆమె వంగి ఏదో తీస్తుంటే, ఇది పోయినేడు ఇంత లేదే, అంచు కూడా వంకరపోయిందేంటి అంది. ఆమె ఇంటికెళ్ళి మొగుడికి వీపు చూపించింది. ఫోన్ మీంచి తల సగం ఎత్తి, ఎప్పట్లాగే ఉంది అన్నాడు. ఎప్పుడు చూశాడని ఎప్పట్లాగే ఉంది అంటాడో, ఆమెకి అడగాలనిపించింది గానీ అడగలేదు.

సర్జను గారు చెంప మచ్చని చూసీ చూడనట్టు చూసి, దీంతో ఏ ఇబ్బందీ లేదు, ఇష్టమైతే తీస్తా అన్నారు. వీపు మచ్చ మీద మాత్రం భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. దీన్ని తీసి పరీక్షకి పంపిద్దాం అన్నారు ఆయన. వీపు మీద చర్మం బాగా లాగుతుంది, ఇంట్లో బరువు పనులేమైనా ఉన్నాయా, ఉంటే కుట్లు ఎక్కువ రోజులు ఉంచుతాను అని అడిగారు.

అడిగింది ఆమెని. చెప్పింది మొగుడు.

"అబ్బే, ఏం లేవండి. ఇంట్లో అన్నిటికీ మిషన్లే. తనది కూడా చల్లగా కూర్చునే ఉద్యోగం."

ఆమె తలూపింది. అక్కడే వచ్చింది తంటా. అబద్ధమని తెలిసి తలూపితే అదో రకం. ఆమె నిజమనుకునే తలూపింది. బరువు పని అంటే సిమెంటు బస్తాలు మొయ్యడం, ఇటుకలు మొయ్యడం అనుకుంది. సర్జను గారు పది రోజులు చాలు అని రాసుకున్నారు.

రెండు మచ్చలూ ఒకే రోజు తీసేశారు. ఆ పది రోజులూ ఇంట్లో అందరి దృష్టీ చెంప మీదే. మొగుడు ఖరీదైన జెల్ తెచ్చాడు, చెంపకి. అత్తగారు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎరుపు తగ్గిందే, దారం పోగులాగా ఉంది ఇంకా, ఎండలోకి మాత్రం వెళ్ళకమ్మా అనేది. అదే నోటితో దుప్పట్లు వాసనొస్తున్నాయి, డాబా మీద ఎండలో వేస్తే గానీ పోదు అనేది. దుకాణం యజమాని అయితే, జనం మొహానికి పెట్టుకునేది కొనడానికి వస్తారు, మొహం మీద ప్లాస్టరు చూస్తే మనసు మారిపోతుంది అని ఆమెని ముందు నుంచి వెనక గదికి పంపేశాడు. వెనక గదిలో పనేంటంటే సరుకు అట్టపెట్టెలు అటకెక్కించడం. వీపు గురించి ఒక్కళ్ళూ ఎత్తలేదు. కనపడదు కదా. ఆమెకే కనపడదు. దుకాణంలో రెండు చేతి అద్దాలు ఎదురెదురుగా పట్టుకుని, మెడ నొప్పెట్టేలా తిప్పి చూసుకుంటే, ప్లాస్టరు అంచు మాత్రం తెలిసేది.

డాబా మీంచి సరాసరి ఆస్పత్రికి వెళ్ళింది. మొగుడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నా, మెసేజ్ పెట్టు అన్నాడు. ఏమని పెడుతుంది. వీపు విడిపోయింది అనా.

డ్రెస్సింగు చేసే నర్సు ప్లాస్టరు తీసి చూసి, ఉస్సురంది. ఏం ఎత్తావమ్మా అని అడిగింది. ఏం ఎత్తలేదండి అంది ఆమె, నిజాయితీగా. మరి దానంతటదే నోరు తెరిచిందా అంది నర్సు. దుప్పట్లు ఆరేశాను అంతే. ఎన్నో అంతస్తు? మూడు. ఇంకా? మంచినీళ్ళ క్యాను. ఇంకా? అత్తగారికి మోకాళ్ళు పడిపోయి రెండేళ్ళు, ఆవిడని మంచం మీంచి లేపి వాకరు దాకా, వాకరు నుంచి బాత్రూం స్టూలు దాకా, మళ్ళీ వెనక్కి. రోజుకి ఎన్నిసార్లు? నాలుగు, మందులు మారిస్తే ఐదు. ఇంకా? గ్యాసు బండ, అది నెలకొకసారేలెండి. నర్సు గాజుగుడ్డ పట్టుకున్న చేత్తో అలాగే ఆగిపోయింది.

"నువ్వు మనిషివా, క్రేనువా తల్లీ," అంది. తర్వాత నవ్వకుండా, "మరి ఆ రోజు మీ ఆయన ఏమీ లేవన్నాడే, నేను పక్కనే ఉన్నాగా," అంది.

ఆయన దాచలేదు. ఆయనకి నిజంగానే తెలీదు. ఆ మాట అనుకోగానే వీపు నొప్పి కన్నా అది ఎక్కువ నొప్పెట్టింది.

సర్జను గారు లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు, ముందు అది విను అన్నారు. కానీ కణాలు ఆ దారి పడుతున్నాయి, అంచులో కూడా కొన్ని మిగిలాయి. ఈ పుండు ఆరాక ఇంకాస్త వెడల్పుగా కోసి తీసేయాలి. ఆ మచ్చ సన్నగా, గీతలాగా మానాలి. అందం కోసం కాదమ్మా. రేపెప్పుడైనా ఆ నలుపు మళ్ళీ వస్తే మనకి కనపడాలి. గాయం మళ్ళీ విడిపోయి, మచ్చ సాగి గడ్డకట్టిందనుకో, దాని కింద ఏం జరుగుతోందో నాకూ కనపడదు, నీకూ కనపడదు. ఆ ఆపరేషన్ అయ్యాక నాలుగు వారాలు మూడు కిలోలకి మించి ఎత్తడానికి వీల్లేదు.

మూడు కిలోలు. బస్సులో కూర్చుని ఆమె ఆ మాటనే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. ఇంట్లో మూడు కిలోల లోపు ఉన్నదేంటి? చీపురు. గరిటె. మందుల డబ్బా. మరి మిగతావి ఎవరు ఎత్తుతారు అని ఆలోచన వచ్చింది, ఆ వెంటనే బుర్ర దానంతటదే లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. ఆపరేషన్ ముందు రోజే బట్టలన్నీ ఉతికేస్తే, క్యాను బదులు చిన్న సీసాలు పడితే, అత్తగారిని ఎడమ చేత్తో లేపితే. కణాలు ఆ దారి పడుతున్నాయన్న మాట విని ఇంకా అరగంట కాలేదు, ఈవిడేమో ఎడమ చేత్తో ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తోంది. నాకేమన్నా అయితే అన్న భయం కన్నా నేను ఎత్తకపోతే ఏమంటారో అన్న భయం పెద్దదా? అలా ఎలా ఉంటుంది? ఉంది మరి. రెండు భయాలూ పక్కపక్కనే, ఇరుకు సీట్లో ఇద్దరు లావుపాటి ప్రయాణికుల్లాగా, మధ్యలో ఆమె.

సాయంత్రం మొగుడికి అంతా చెప్పింది. కణాలు, అంచు, వెడల్పుగా కోయడం, నాలుగు వారాలు, అన్నీ వరసగా. ఆయన టీ కప్పు పక్కన పెట్టి శ్రద్ధగానే విన్నాడు. విని, రెండే రెండు మాటలు అన్నాడు.

"మరి అమ్మ?"

చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆ తర్వాత భుజం మీద చెయ్యి కూడా వేశాడు, ఎడమ భుజమే, గుర్తుపెట్టుకున్నాడు. డాక్టర్లు అలాగే భయపెడతారు, చెంప బాగానే మానింది కదా, వీపు ఎవరు చూస్తారు అన్నాడు. మూడు కిలోలేంటి, మన ఇంట్లో అంత బరువులేమున్నాయి అని కూడా అన్నాడు.

ఆ ఆదివారం ఆమె బాత్రూంలోంచి బరువు చూసుకునే మిషను తెచ్చి హాల్లో పెట్టింది. దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి లెన్సు మీదా దాని పవరు రాసిన చిన్న గుండ్రటి స్టిక్కరు అంటిస్తారు, పొరపాటున ఒకరి అద్దం ఇంకొకరికి వెళ్ళకుండా. ఆ స్టిక్కర్ల షీటు ఒకటి అడిగి తెచ్చుకుంది. ముందు ఖాళీగా ఎక్కి చూసుకుంది. తర్వాత, ఆఖరిసారి అనుకుంటూ, ఎడమ చేత్తో బకెట్టు పట్టుకుని ఎక్కింది, తీసివేసింది, స్టిక్కరు మీద రాసి బకెట్టుకి అంటించింది. పదకొండు. మిగతావి మిషను మీదికి జరిపి చూసింది. క్యాను ఇరవై. నానబెట్టిన బట్టల టబ్బు పద్నాలుగు. బియ్యం డబ్బా తొమ్మిదిన్నర. గ్యాసు బండ మీద కంపెనీ వాళ్ళే రాసుంటారు, దాన్నే చూసి రాసింది. ఆఖరికి అత్తగారిని కూడా వాకరుతో మెల్లిగా మిషను మీద నిలబెట్టింది.

"నన్నెందుకే తూస్తున్నావు, అమ్మేస్తావా?" అంది అత్తగారు.

వాకరు పట్టుకుంటే యాభై నాలుగు, వదిలితే అరవై ఆరు. మిషను పాడైపోయింది, నేనెప్పుడూ యాభై దాటలేదు అని ఆవిడ గొడవపెట్టుకుంది. ఆమె వాకరు పిడికి అరవై ఆరు అంటించింది. అత్తగారు కళ్ళు చిట్లించి ఆ అంకె రెండుసార్లు చదువుకుంది. మొగుడు ఇంటికొచ్చి, ఇదేంటి ఇంటిని దుకాణం చేశావు అని నవ్వాడు. పోయి ఫ్రిజ్ తలుపు తీశాడు. క్యాను మీద స్టిక్కరు చూశాడు, చూసి కూడా దాటుకుని వెళ్ళాడు.

రెండో ఆపరేషన్ ముందు సర్జను గారి దగ్గర ఆమె ఎవరినీ నోరు తెరవనివ్వలేదు. అంకెలన్నీ రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన పైనుంచి కిందికి చదివి, ఆమెని ఓసారి, మొగుడిని ఓసారి చూసి, కుట్లు మూడు వారాలు ఉంచుతాను అన్నారు. మొగుడు చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున, ఏడు గంటలకి, అత్తగారు లోపలి గదిలోంచి అమ్మాయ్ అని పిలిచింది. ఆమె హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పిలుపు వినగానే కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండేళ్ళ అలవాటు, మనిషి కన్నా ముందు మోకాళ్ళే లేస్తాయి. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, ఆ అదురుకే కుట్లు తెగుతాయేమో అని భయమేసింది. రెండోసారి పిలుపు. మొగుడు స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, పిలుస్తోందిగా అన్నట్టు చూశాడు. ఆమె కదల్లేదు. ఆవిడ పడిపోతే? తనే లేద్దామని చూసి జారితే? అందరూ నన్నే అంటారు, నేనే అనుకుంటాను. లేస్తే? లేస్తే గాయం విడిపోయి, ఆ నలుపు మళ్ళీ వచ్చినా ఎవరికీ కనపడదు. ఆమె కుర్చీ చేతులు వదల్లేదు.

మొగుడు లోపలికి వెళ్ళాడు. కాసేపు మంచం కిర్రుమంది. తర్వాత అత్తగారి గొంతు.

"చెయ్యి పట్టి లాగకురా, భుజం ఊడొస్తుంది. చంకల కింద వెయ్యి. నడుము కాదు, నీ మోకాళ్ళు వంచు. అది అలాగే వంచుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్కసారి లేపు. అది అలాగే లేపుతుంది."

ఏదో కిందపడ్డ చప్పుడు. ఆమె కళ్ళు మూసుకుంది. పడింది స్టీలు గ్లాసు. మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ కిర్రుమనడం, ఈసారి వాకరు నేల మీద ఆనిన శబ్దం. బాత్రూం దాకా ఒక్కో అడుగు. అరగంట పట్టింది, ఆమెకి ఎనిమిది నిమిషాలు పట్టే పని.

మొగుడు బయటికి వచ్చాడు. తువ్వాలు ఎక్కడో పడిపోయింది, చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది, ఒక చెయ్యి నడుము మీద ఉంది. ఎదురు కుర్చీలో కూలబడి, ఊపిరి తీసుకుని, ఆమె మొహం కేసి చూశాడు. చెంప కేసి కాదు, మొహం కేసి.

"ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు," అన్నాడు. "ఎవరినన్నా పెట్టుకుందాం. ఈ నాలుగు వారాలకీ."

ఒక్కసారి లేపాడు. ఒక్కసారే. రెండేళ్ళు, రోజుకి నాలుగుసార్లు, మందులు మారిస్తే ఐదు. ఆమె గొంతులో చాలా మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, అన్నీ బయటికి వస్తే గట్టిగా ఊపిరి తీసుకోవాలి, గట్టిగా ఊపిరి తీసుకుంటే కుట్లు లాగుతాయి. అందుకని కుట్లు లాగనంత మెల్లిగా, లోపలి గదిలో ఉన్న అత్తగారికి కూడా వినపడేంత స్పష్టంగా, అంది.

"నాలుగు వారాలకే కాదు."