ఉప్పుకొండ నాలుగో భాగం

కొత్తగూడెం బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. ఆ పది నిమిషాల్లో నాగలత డబ్బాలోని ఉప్మా సగం తిని, టికెట్ మిషన్లో కాగితం రోలు మార్చి, డోరు పక్కన తన సీట్లో ఒదిగి కూర్చుని పుస్తకం తెరిచింది. ఇంకా ఏడు పేజీలున్నాయి. అవి గబగబా చదివి, ఆఖరి వాక్యం దగ్గర ఆగి, దాన్నే మళ్ళీ చదివి, అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని ఉండిపోయింది.

"మేడం, టైమైంది. రైట్ చెప్పు," అన్నాడు డ్రైవరు మోతీ.

ఆమె చెప్పలేదు. అతను అద్దంలోంచి ఆమె ముఖం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? ఇంటికాడ నుంచి ఫోన్ గిట్ల వచ్చిందా?"

"లేదన్నా. గుర్రం..." అని ఆగిపోయింది.

"మల్ల గుర్రమేనా! నేనేమో ఎవరో పోయిన్రనుకున్న." మోతీ నవ్వుతూ గేరు వేశాడు.

నాగలతకు నలభై ఆరేళ్ళు. కండక్టరుగా పందొమ్మిదేళ్ళ సర్వీసు. సన్నటి మనిషి కావడంతో ఖాకీ కోటు భుజాల దగ్గర వదులుగా జారుతూ ఉంటుంది. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బాయి. ఖమ్మంలో రెండు గదుల కిరాయి ఇల్లు, మోటార్లు బాగుచేసే భర్త జయప్రకాశ్, పాలిటెక్నిక్ చదివే కూతురు రాజ్యశ్రీ. డిపోలో ఆమె గురించి చెప్పుకునేదేమీ లేదు. ఆలస్యంగా రాదు, ఎవరితోనూ గొడవ పడదు. మాంత్రికుల కథలు చదువుతుందన్న ఒక్క మాట మాత్రం అందరికీ తెలుసు. ఈ వయసులో కూడానా అని ఆడవాళ్ళు నవ్వుతారు.

ఆ అలవాటు వైరాలో మొదలైంది. అక్కడ పగిడయ్య అనే ఆయన సైకిల్ షాపులోనే ఒక పక్కన పుస్తకాలు అద్దెకిచ్చేవాడు. ఆరో తరగతిలో ఆమె 'ఏడు గవాక్షాల కోట' తీసుకుంటుంటే, ఆయన రిజిస్టరులో రాస్తూ, "ఇందులో రాజకుమారే రాక్షసమ్మా, చివర్లో తెలుస్తది," అన్నాడు. ఆమె ఇంటిదాకా ఏడుస్తూ వెళ్ళింది. ఆ పుస్తకాన్ని ఇప్పటికి తొమ్మిదిసార్లు చదివినా పగిడయ్యను మాత్రం క్షమించలేదు. తరువాత ఎన్నో చేరాయి. 'నీళ్ళు మింగిన నగరం' ఎవరో బస్సులో మరిచిపోయారు. నెలరోజులు డిపోలో ఉంచినా ఎవరూ రాకపోతే ఆమెకిచ్చేశారు. 'గాజు మాంత్రికుడి తాళంచెవి'కి మొదటి పేజీలు లేవు. రాసినవారెవరో ఈనాటికీ తెలియదు. కానీ ఎవరైనా అడిగితే ఆమె మొదట చెప్పేది ఆ పుస్తకం పేరే.

చదవాల్సినవాటి జాబితా టికెట్ రోలు చివర మిగిలే కాగితం మీద రాసుకుంటుంది. ఒకటి చదివి కొట్టేసేలోపు మూడు వచ్చి చేరతాయి. "అమ్మా, నువ్వు రిటైరయ్యి ఇరవై ఏళ్ళు చదివినా అవ్వవు ఇవి," అంటుంది రాజ్యశ్రీ.

పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు దగ్గరికి జరిగాయి. చినుకులు పడుతున్నాయి. చింతగుంపు స్టేజీ దగ్గర సీతయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ చెయ్యి ఎత్తి ఆపేవాడు. ఇవాళ ఎత్తలేదు. మోతీయే చూసి ఆపాడు.

సీతయ్య కోయవాడు. అరవై ఐదు దాటాయి. రెండు మూత్రపిండాలూ పాడైపోతే రెండేళ్ళుగా మంగళ, శుక్రవారాల్లో భద్రాచలం దవాఖానాకు డయాలసిస్‌కు వెళ్తున్నాడు. మొదటి నెలలోనే ఒకరోజు, పుస్తకం చూసుకుంటూ నవ్వుతున్న కండక్టరమ్మను అడిగాడు: "ఏముంది బిడ్డా అండ్ల?" ఆమె చెప్పింది. మరుసటి శుక్రవారం ఎక్కీ ఎక్కగానే, "తర్వాత?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె సీటు వెనక సీటు ఆయనదైపోయింది. చింతగుంపు నుంచి గోదావరి దాకా, టికెట్లు కొట్టడం అయ్యాక మిగిలే అరగంటలో, ఏడు పుస్తకాలు అయ్యాయి.

చదవడం రాకపోయినా, ఆమె చూసిన చదువరులందరిలోకీ ఆయనే గట్టివాడు. 'ఉప్పుకొండ' మొదటి భాగం చెప్పిన రోజునే, "కొండంత ఉప్పు వానకు కరగదా?" అన్నాడు. దానికి జవాబు మూడో భాగంలో గాని రాలేదు. రాజు వానను ఖైదు చేశాడని చదివినప్పుడు ఆమెకు ఒళ్ళు జలదరించింది. జాబితా చూపిస్తే, అక్షరాలు తెలియవు కాబట్టి జానతో కొలిచేవాడు. "పోయిన్నెల రెండు జానలుండె. ఇప్పుడు మూడున్నర. పొట్లపాదు లెక్క పెరుగుతాందేంది ఇది?"

ఇవాళ మెట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. ముఖం ఉబ్బి ఉంది, కళ్ళు సన్నగా అయ్యాయి. పాదాలు చెప్పుల్లో పట్టక, చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. 

"పోయిన వారం రాలేదేంది బాబాయ్? రెండుసార్లూ రాలేదు."

"వాగు పొంగింది బిడ్డా. దాటనీయలె. జంపి ఎత్తుకుంట అన్నది గని, నేనే వద్దన్న." జంపి అంటే కూతురు జంపక్క. భర్త వదిలేశాక ఆయన దగ్గరే ఉంటోంది.

సీట్లో కూర్చుని చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. తరువాత ఆమె ఒళ్ళోని పుస్తకం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అయిందా?"

"అయింది. ఇందాకే."

"గుర్రం బయటికొచ్చిందా?"

'ఉప్పుకొండ' నాలుగు భాగాలూ ఆ ప్రశ్న చుట్టే తిరుగుతాయి. రాగిరెక్కల గుర్రాన్ని ఉప్పు బావిలో దించి మూతవేశారు. సాళువ అనే ఉప్పు మోసే పిల్ల దాన్ని బయటికి తేవాలి. 

నాగలత పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. "అట్లా చెప్పను. నీకింకా నాలుగో భాగంలో సగం చెప్పాలి. వరసగా వినాలి."

"ఒక్కసారి ఆఖరు చెప్పు బిడ్డా. వచ్చిందా, రాలేదా? గంతే. మధ్యల ముచ్చట మల్ల వింట."

ఆయన ఎన్నడూ అట్లా అడగలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఉబ్బిన ముఖంలో కళ్ళు మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉన్నాయి. కాసేపటి కిందట చదివిన ఆ వాక్యం ఇంకా ఆమె గుండెల్లో తగులుతూనే ఉంది. దాన్ని ఈ రద్దీలో, ఒక్క ముక్కలో, సైకిల్ షాపు పగిడయ్యలా విసిరేయడం ఆమెకు చేతకాలేదు.

"శుక్రవారం చెప్తా బాబాయ్. ఒట్టు. ఇవాళ బావి దాకా చెప్తా, శుక్రవారం ఆఖరు."

 "సరే తీ," అన్నాడు సీతయ్య. "నీ కథ, నీ ఇష్టం."

తరువాతి స్టేజీలో నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు పదిహేనుమంది ఎక్కారు. ఆధార్ కార్డులు చూసి, అందరికీ ఆడవాళ్ళ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టి, వచ్చి కూర్చుంది. తల కొంచెం పక్కకు వంచి, వెనక్కి వినపడేట్టు మొదలుపెట్టింది. సాళువ నడుముకు తాడు కట్టుకుంది. బావి గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. చెయ్యి పెడితే చెయ్యి మంట.

"ఊఁ," అన్నాడు సీతయ్య వెనక నుంచి.

దిగుతున్న కొద్దీ చలి. మధ్యలో ఒక గూట్లో ముసలి గబ్బిలం ఉంది, అది మూడు ప్రశ్నలు అడిగింది. 

"ఊఁ."

బస్సు గుంతల్లో పడి లేస్తోంది. వెనక ఎవరిదో ఫోన్లో పాట మోగుతోంది. నాగలత కథలో పడితే ఆ చప్పుళ్ళేవీ వినపడవు. గబ్బిలం ప్రశ్నలు చెప్పింది, సాళువ జవాబులు చెప్పింది. అడుగున నీళ్ళు, నీళ్ళ మీద ఎర్రటి వెలుగు. అది గుర్రం రెక్క. సాళువ చెయ్యి చాపింది. గుర్రం తల తిప్పి చూసింది.

"ఇక్కడికి ఆపుతున్నా బాబాయ్. సారపాక వస్తోంది," అంది నాగలత లేస్తూ.

సీతయ్య అక్కడ తప్పకుండా గొణుగుతాడు. సరిగ్గా ఆడనే ఆపుతవ్ అంటాడు. ఇవాళ ఏమీ అనలేదు. ఆమె తిరిగి చూసింది. కిటికీ కమ్మీకి తల ఆనించి, సగం తెరిచిన కళ్ళతో, వింటున్నవాడి లాగే ఉన్నాడు. ఒడిలో చెప్పులు పక్కకు జారాయి.

"బాబాయ్."

భుజం పట్టుకుంది. తల పూర్తి బరువుతో ఆమె చేతి మీదికి వాలింది. మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టింది. అది డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చెయ్యి. అక్కడ నరం ఎప్పుడూ జుమ్మని అదురుతూ ఉంటుందని ఆయనే ఒకసారి పట్టించి చూపించాడు. ఇప్పుడు ఏ అదురూ లేదు.

"మోతీ అన్నా!" అని కేకేసింది. "ఎక్కడా ఆపకు. దవాఖానాకు పో."

మోతీ అద్దంలోకి చూశాడు.  హారన్ మీద చెయ్యి తీయకుండా సారపాక దాటించాడు. దిగాల్సినవాళ్ళు కూడా అలాగే కూర్చున్నారు. వంతెన కింద గోదావరి ఎర్రగా, ఒడ్డుల నిండా పోతోంది. నాగలత ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని సీట్ల మధ్య నిలబడింది. ఆమె మనసులో ఒకటే తిరుగుతోంది. ఊఁ అన్నది ఎక్కడిదాకా? గబ్బిలం దగ్గర అన్నాడు. ప్రశ్నల దగ్గర అన్నాడా? గుర్రం తల తిప్పినప్పుడు ఎవరికి చెప్పాను?

దవాఖానా గేటు దగ్గర స్ట్రెచరు తెచ్చారు. చిన్న వయసు డాక్టరు ఛాతీ మీద అదిమి, కళ్ళలోకి లైటు వేసి చూసి, ఐదు నిమిషాల తరువాత తల పైకెత్తాడు. "చాలాసేపైంది. అరగంట పైనే," అన్నాడు.

అరగంట. అంటే సాళువ బావి అడుగుకు చేరకముందే. 

నాగలత ఆయన జేబులోని కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. జంపక్క పొలంలో ఉంది. అవతల ఆడవాళ్ళ పాట వినిపించింది, తరువాత పాట ఆగింది. "వస్తున్న," అని ఒక్క మాట అని పెట్టేసింది.

మోతీ వచ్చాడు. "కంట్రోలర్‌కు చెప్పిన. ప్యాసింజర్లను వేరే బస్సుల ఎక్కిచ్చిన్రు. కూసో మేడం, నీళ్ళు తాగు."

"డయాలసిస్ రూంలో చెప్పాలన్నా. ఎదురుచూస్తుంటారు."

ఆ గది ఆమె ఎన్నడూ చూడలేదు. పొడుగ్గా, చల్లగా ఉంది. ఆరు మంచాలు, పక్కన మిషన్లు, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. నర్సు కళావతి రిజిస్టరు రాస్తోంది. నాగలత ఖాకీ కోటు చూడగానే మూడో మంచం మీది మనిషి మోచేతి మీద లేచాడు. బక్కపలచని మనిషి, తండా నుంచి వచ్చే రెడ్యా.

"నువ్వేనా కండక్టరమ్మవు? సీతయ్య కాకా ఏడి? పోయిన వారం రెండుసార్లు రాలే. జంపి బాయిలకు దిగిందా?"

నాగలతకు అర్థం కాలేదు. "జంపక్క పొలం నుంచి వస్తోంది..."

"గా జంపి కాదు. ఉప్పు మోసే జంపి. గుర్రం కోసం పోయింది సూడు."

పక్క మంచం మీది ఆడమనిషి కూడా తల తిప్పింది. ఆ చివర ఒకాయన దుప్పటి ముఖం మీంచి తీశాడు. నాగలత వాళ్ళను మార్చి మార్చి చూసింది. రెండేళ్ళుగా, బస్సులో విన్నదంతా ఆయన ఇక్కడ, నాలుగు గంటలు కదలకుండా పడుకుని, వీళ్ళకు చెబుతున్నాడు. సాళువ పేరు మార్చి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. ఈ సంగతి ఒక్కనాడూ ఆమెతో అనలేదు.

"సీతయ్య బాబాయ్ బస్సులోనే పోయాడు," అంది. "ఇప్పుడే. దారిలో."

 మిషన్లు తిరుగుతున్నాయి. కళావతి పెన్ను కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెడ్యా మెల్లగా దిండు మీదికి వాలి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అట్లాగే అడిగాడు.

"ఆఖరుకు ఏమైతదో కాకాకు ఎరికేనా?"

  నాగలత అతని మంచం దగ్గరికి వెళ్ళింది. "లేదు. అడిగాడు. నేనే చెప్పలేదు. శుక్రవారం చెప్తానన్నా."

రెడ్యా ఆమె వైపు తల తిప్పాడు. తప్పు పట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "మాకు చెప్పు మరి," అన్నాడు. "మేము శుక్రవారం దాకా ఆగం."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మధ్యలో ఏదీ చెప్పలేదు. నేరుగా ఆఖరి పేజీ దగ్గరికి వెళ్ళింది. "గుర్రం బయటికొస్తుంది. కానీ ఇన్నేళ్ళకు ఉప్పు పేరుకుని బావి మూతి ఇరుకైపోయింది. రెక్కలతో పట్టదు. అది తన రెక్కలు తానే కొరుక్కుని, బావిలో వదిలేసి వస్తుంది. జంపి దాని మెడ పట్టుకుని ఎక్కిస్తుంది." సాళువను తను కూడా జంపి అన్న సంగతి తరువాత గాని గమనించలేదు.

"రెక్కలు పోయినయా?" ఆడమనిషి గబుక్కున అడిగింది. 

"పోయాయి."

"మరి నడుస్తదా?" అన్నాడు రెడ్యా.

"నడుస్తుంది. ఉప్పుకొండ దిగి, ఊళ్ళోకి నడుచుకుంటూ పోతుంది. పుస్తకం అంతే."

రెడ్యా గొట్టాలు లేని చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నాగలత అక్కడే కూర్చుండిపోయింది. గంట దాటాక బయట జంపక్క గొంతు వినిపించింది. ఎవరినో దారి అడుగుతోంది. నాగలత లేచి నిలబడింది. తలుపు వైపు వెళ్తూ, సీతయ్య పడుకునే ఐదో నంబరు మంచం దగ్గర ఆగింది. మిషన్ శుభ్రం చేసి ఉంది. చలికి కప్పుకోవడానికి ఎవరి రగ్గు వాళ్ళే తెచ్చుకుంటారక్కడ. మళ్ళీ వస్తాను కదా అని ఆయన ఇంటికి తీసుకుపోకుండా వదిలిన రగ్గు, తలాపున నాలుగు మడతలు పెట్టి ఉంది. గళ్ళ రగ్గు, ఒక అంచు చిరిగితే తెల్ల దారంతో పెద్ద పెద్ద కుట్లు వేసి ఉన్నాయి.