కైలాసం సర్దిన సంచి

కైలాసం ఎనిమిది సాంచాలను ఒక్క చేతి మీద నడిపే మనిషి. ఆ మరమగ్గాల అంతటి హోరులో ఎక్కడ పోగు తెగినా చప్పుడును బట్టే చెప్పేస్తాడు. అలాంటివాడు నాలుగో తరగతి పిల్ల పుస్తకాల సంచి ముందు చిత్తుగా ఓడిపోయాడంటే సిరిసిల్లలో ఎవరూ నమ్మరు. కానీ అదే జరిగింది.

భార్య మమతారాణి సోమవారం పొద్దున కూతురు హర్షిణిని బడికి పంపించి చెన్నూరు బస్సెక్కింది. అక్కడ తల్లి దేవవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వంటకూ జడలకూ పక్కింటి భూమవ్వను ఒప్పించింది కానీ, "పిల్ల సంచి ఒక్కటి జర నువ్వు సూస్కో" అని మొగుడికి చెప్పింది. కైలాసానికి ఆ మాట కొంచెం చిన్నతనంగా తోచింది. సంచి సర్దడం కూడా ఒక పనేనా, దానికో అప్పగింతా!

పిల్లల మీద బరువు తగ్గాలని ఆ బడిలో ఏ రోజు ఏ పుస్తకాలు తేవాలో ఒక పట్టిక ఇచ్చారు. కైలాసం దాన్ని అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఎక్కించి బీరువాకు అంటించాడు. ఆ వారం అతనిది రాత్రి షిఫ్టు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతాడు. భూమవ్వ దగ్గర పడుకున్న హర్షిణి స్నానం చేసి, జడలు వేయించుకుని వచ్చేసరికి తండ్రి బీరువా ముందు నిలబడి ఉండేవాడు. పట్టిక మీద వేలు పెట్టి ఒక్కో పేరు చదివేవాడు, ఆ పుస్తకం తీసి సంచిలో పెట్టేవాడు, అంతా అయ్యాక మళ్లీ మొదటి నుంచి సరిచూసేవాడు.

మంగళవారం హర్షిణి, "బాపూ, ఇయ్యాల గవి కాదు..." అని నసిగింది.

"నువ్వు ఊకో బిడ్డా, నేను సూస్తున్న గద! ముట్టకు, అన్ని కలగాపులగం అయితయి."

పిల్ల సంచి భుజానికి తగిలించుకుంది. ఆమె బడికి వెళ్లగానే కైలాసం చెన్నూరుకు ఫోను చేశాడు. "నువ్వేమో పరేషాన్ అయితున్నవు. ఒక్క పుస్తకం తప్పలే!" అని గొప్పలు పోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

గురువారం సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో నాలుగు ముక్కలు వచ్చాయి. మూడు రోజులుగా పిల్ల పుస్తకాలు తేవడం లేదు. శ్రద్ధ లేదు. పొద్దున్నే తండ్రి వచ్చి కలవాలి, లేకపోతే గురుకుల ప్రవేశ పరీక్ష తరగతి నుంచి పేరు తీసేస్తాం.

కైలాసం ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోయాడు. ఆ తరగతికి బడి మొత్తం మీద పన్నెండు మందినే ఎంచుకున్నారు. గురుకులంలో సీటు వస్తే చదువు, తిండి, బట్ట అన్నీ అక్కడే. పిల్ల తనలా నూలు దుమ్ము మింగకుండా బతకడానికి అతనికి కనబడుతున్న దారి అదొక్కటే.

మరి తాను పెట్టిన పుస్తకాలు ఏమవుతున్నట్టు? సంచి బోర్లించి దులిపాడు. అడుగు చిరిగిందేమోనని లోపల చేయి పెట్టి తడిమాడు. పట్టిక నాలుగుసార్లు చదివాడు. చివరికి గోడ దగ్గరికి వెళ్లి భూమవ్వను కేకేశాడు.

"అక్కా, నీ మనుమలు సంచిల పుస్తకాలు గిట్ల తీస్తున్నరా ఏంది?"

"వాళ్లు వాళ్ల పుస్తకాలే ముట్టరు తమ్మీ, నీ బిడ్డయి ముడ్తరా?"

ఇక మిగిలింది పిల్లే. "నేను పెట్టినయి ఏం జేస్తున్నవే?" అన్నాడు.

"ఏం జేస్తలే బాపూ."

"మరి మేడం గిట్లెందుకు రాసింది?"

హర్షిణి తల వంచుకుంది. దిక్కు తోచనివాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చెంప మీద ఒకటి వేశాడు. పిల్ల ఏడ్చింది కానీ నోరు విప్పలేదు.

శుక్రవారం పొద్దున షిఫ్టు దిగి, భూమవ్వను సాక్ష్యం నిలబెట్టి మరీ సంచి సర్దాడు. టీ కూడా తాగకుండా పిల్లను వెంటబెట్టుకుని బడికి వెళ్లి, సృజన మేడం బల్ల మీద పుస్తకాలన్నీ పరిచాడు.

"సూడుండ్రి మేడం. పట్టికల ఉన్నయన్ని ఉన్నయి."

మేడం పుస్తకాలు చూసి, అతని ముఖం చూసింది. "ఇవి నిన్న తేవాల్సినయి గదా!"

"కాదు మేడం, ఇయ్యాల్టియే."

"ఇయ్యాల ఏం వారం?"

"బేస్తారం," అన్నాడు తడుముకోకుండా.

తరగతి గొల్లుమంది. కైలాసం నల్లబల్ల వైపు చూశాడు. అక్కడ గురువారం కాదు, శుక్రవారం అని రాసి ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చదివినా శుక్రవారమే.

కార్ఖానాలో రాత్రి షిఫ్టు ఏ రోజు మొదలైతే ఆ రోజు పేరే దానికి. గురువారం రాత్రి మొదలుపెట్టిన బట్ట తెల్లారి శుక్రవారం దిగినా గురువారం కిందే రాస్తారు. పద్దెనిమిదేళ్లుగా రాత్రి షిఫ్టు ఉన్న వారమంతా ఇంటికి వచ్చి, పడుకుని లేస్తేనే అతనికి రోజు మారుతోంది. బడి అతను పడుకునేదాకా ఆగదు కదా. మంగళవారానికి సోమవారం పుస్తకాలు, బుధవారానికి మంగళవారం పుస్తకాలు... పిల్లకు రోజూ నిన్నటి సంచే కట్టి పంపాడు.

అతను తడబడుతూ ఆ సంగతి చెప్పేసరికి మేడం గట్టిగా నవ్వబోయి ఆపుకుంది. "పేరైతే తియ్యను. కాని రేపట్నుంచి సంచి పిల్లనే సర్దుకుంటది," అని హర్షిణి వైపు తిరిగింది. "నీకు గీ సంగతి ఎరుకేనా?"

"ఎరుకే మేడం."

కైలాసం మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మరి నిన్న నేను కొట్టినప్పుడన్న చెప్పకపోతివి బిడ్డా?"

హర్షిణి అతని చెవి దగ్గరికి వచ్చింది. "చెప్తే నువ్వు ఫికర్ జేస్తవు. ఫికర్ జేస్తే నీకు పగటి నిద్ర పట్టది. మీ కార్ఖానల నాగయ్య తాత నిద్ర సాలకనే గద సాంచల చెయ్యి పెట్టిండు. రెండు వేళ్లు పోయినయి."

కైలాసం పిల్ల చెంప నిమరబోయి, నిన్న కొట్టింది ఆ చేత్తోనే అని గుర్తొచ్చి సిగ్గుతో వెనక్కి తీసుకున్నాడు. ఇంటికి ఉరికి శుక్రవారం పుస్తకాలు తెస్తానని లేచాడు.

"వద్దు బాపూ. పక్క పిల్లయి సూస్త. నువ్వు పోయి పండుకో," అంది హర్షిణి.

సరేనని వచ్చి పడుకున్నాడు. దుప్పటి ముసుగేసుకున్నాడు, కిటికీ మూశాడు, అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. కన్ను మూతపడితే ఒట్టు. మూడింటికి లేచి కూర్చుని, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి కార్ఖానా యజమానికి తనంతట తానే ఫోను చేశాడు.

"రాత్రికి నేను వస్తలే సేటు," అన్నాడు. "పానం బాగనే ఉన్నది. నిద్ర సాలలే."