ముందు వరస ఏడు సీట్లు

మగపెళ్లివారి అలకలు నేను చాలా చూశాను. పెళ్లి పందిట్లో అలిగితే అర్థం ఉంది, అది వాళ్ల హక్కని అందరూ ఒప్పుకున్నదే. కొడుకు పెళ్లయి ఆరు నెలలు గడిచాక, రాజమండ్రి గోదావరి గట్టు మీద లాంచీ టికెట్ల ఆఫీసుకి వచ్చి మరీ అలిగిన మహానుభావుణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు జోగేశ్వరరావు. నిడదవోలులో బట్టల కొట్టు. కోపం ముక్కు మీద ఉంటుందంటారు గానీ, ఆయనకి ముక్కు కంటే ముందే నడిచేది.

అప్పట్లో, అంటే డెబ్బై తొమ్మిదిలో, పాపికొండల మీదుగా భద్రాచలం వెళ్లే ఒక లాంచీకి నేను ఏజెంటుని. రోడ్డుకి ఆ పక్క పల్లంరాజు ఇంకో ఏజెంటు. లాంచీ ఒకటే, ఓనరూ ఒక్కడే, బోర్డులు మాత్రం రెండు. పై అంతస్తు సీట్లన్నీ నేను అమ్మాలి, కింది సీట్లన్నీ పల్లంరాజు అమ్మాలి. ఓనరు ఎప్పుడో చేసిన ఏర్పాటది. పైన కూర్చున్నవాళ్లకి గాలి, వెలుతురు, ఎదురుగా గోదావరి, రెండు పక్కలా కొండలు. కింద కూర్చున్నవాళ్లకి నడుమ ఇంజను, చుట్టూ బస్తాలు, డబ్బాలు, నీళ్లు చిమ్మకుండా కట్టిన టార్పాలిన్లు. కిందివాళ్లని దారిలో పైకి రానివ్వరు. బరువంతా పైకొస్తే లాంచీ ఒరుగుతుందని, దాన్ని నడిపే సరంగు ఊరుకోడు. ఈ సంగతులు గట్టు మీద సోడాలమ్మేవాడికి కూడా తెలుసు. నిడదవోలులో బట్టలమ్మేవాడికి తెలియదు.

జోగేశ్వరరావు మొదటిసారి భార్యతో వచ్చాడు. ఆవిడ పేరు రాజరాజేశ్వరి. ఊళ్లో కంటి డాక్టరుకి చూపించుకుని అట్నుంచటే వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్న తీరు చూసి, టికెట్లకి కాదు, లాంచీనే కొనడానికి వచ్చాడేమో అనుకున్నాను.

"మా వియ్యాలవారిని తీసుకెళ్తున్నామండి. పిఠాపురం వాళ్లు. అంతా కలిపి ఏడుగురం. సీట్లు బ్రహ్మాండంగా ఉండాలి. మగపెళ్లివారం, రేపు మాట పడకూడదు" అన్నాడు.

ఫాల్గుణం వచ్చేసింది. నీరు తగ్గిపోతోంది. ఆ ఏటికి అదే ఆఖరి ట్రిప్పు. మళ్లీ వానలు పడి, వరదలు తీసి, కార్తీకం వస్తే గానీ లాంచీ కదలదు. అదృష్టం కొద్దీ పైన ముందు వరస ఏడు సీట్లూ ఖాళీగా ఉన్నాయి. ఏడూ రాసేశాను. ఆయన మీసం దువ్వుకుంటూ కిళ్లీ కట్టించుకోవడానికి బయటికి వెళ్లాడు.

అప్పటిదాకా నోరు విప్పని రాజరాజేశ్వరిగారు కుర్చీ అంచుకి జరిగారు.

"బాబూ, ముందు వరసంటే కొండలు బాగా కనిపిస్తాయాండి?"

"అడ్డం ఏమీ ఉండదమ్మా. ఎదురుగా ఇంకెవరూ కూర్చోరు."

"నాకు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుందండి. పక్కల నుంచి చూపు మూసుకుపోతోంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది దసరా దాకా ఉంటే గొప్పేనని ఇందాక డాక్టరుగారు ఆయనతో అన్నారు. నాకు వినపడలేదనుకున్నారు ఇద్దరూ." ఆవిడ నవ్వి, గుమ్మం వైపు ఓసారి చూసి, మళ్లీ మొదలుపెట్టారు. "పుట్టిందీ గోదారి పక్కనే, మెట్టిందీ గోదారి పక్కనే. అది కొండల్లోంచి ఎలా వస్తుందో ఒక్కసారీ చూడలేదు. ఆయన కొట్టు మూసి ఎక్కడికీ కదలరండి. వియ్యాలవారికి మర్యాద చెయ్యాలని ఇన్నాళ్లకి దీనికి ఒప్పుకున్నారు. ఇది చూసేస్తే ఇంక నాకు బెంగ లేదు."

"మీ సీటు నట్టనడిమిదమ్మా. నాది పూచీ" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ పూటంతా నా మీద నాకే గౌరవం కలిగింది.

వారం తర్వాత జోగేశ్వరరావు వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అందరి పేర్లూ వయసులూ రాయించాలి. దానికి పిఠాపురం నుంచి మనిషిని రప్పించనక్కర్లేదు, కార్డుముక్క చాలు. కానీ తాను తీసిన సీట్లెలాంటివో ఆడపెళ్లివారికి ముందుగా చూపించుకోకపోతే మగపెళ్లివారికి నిద్ర పట్టదు. వియ్యంకుడు గోపాలకృష్ణమూర్తిగారు డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. రైల్లో నిలబడి వచ్చాడట, చెమటలు కక్కుతున్నాడు. నేను పక్క హోటల్నుంచి కాఫీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోశాను. మొదటి గ్లాసు ఆ పెద్దాయన చేతికిచ్చాను.

అంతే. ఆయన నిప్పు ముట్టుకున్నట్టు లేచి నిలబడ్డాడు.

"అయ్యయ్యో, నాకేంటండి! ముందు బావగారికి ఇవ్వండి."

జోగేశ్వరరావు కిటికీలోంచి గోదావరిని చూస్తున్నాడు. "పర్లేదులెండి బావగారూ, మీకే ఇచ్చారుగా. తాగండి."

"మీరు పుచ్చుకోకుండా నేనా అండీ!"

"ఇక్కడ ఎవరు పెద్దో ఆయన తేల్చేశారుగా. తాగండి, తాగండి."

పెద్దాయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రెండో గ్లాసు జోగేశ్వరరావు ముందు పెట్టాను. దాని వంక చూడలేదు. ఇద్దరి కాఫీలూ చల్లారి తొరక కట్టాయి. అరవై ఏళ్లొచ్చిన మనిషి, పదిమందికి జీతాలిచ్చే మనిషి, ముప్పావు గ్లాసు కాఫీ వెనకాల అలా కూర్చోవడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "పొరపాటయిందండి" అంటే అక్కడితో సరిపోయేది. ఆ ఒక్క ముక్క నా నోట్లోంచి ఊడిపడలేదు.

"కాఫీకి కూడా లగ్నపత్రిక రాయించాలని తెలీదండి నాకు" అన్నాను.

గోపాలకృష్ణమూర్తిగారు కళ్లు మూసుకున్నాడు. జోగేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. కండువా దులిపి భుజాన వేసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి, సరాసరి పల్లంరాజు ఆఫీసులో దూరాడు. పాపం పెద్దాయన కాఫీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, నాకో నమస్కారం పెట్టి, వెనకాలే పరిగెత్తాడు.

పల్లంరాజు సంగతి చెప్పాలి. వాడు కుర్చీలోంచి లేవడం కాదు, ఎగిరాడు. కనిపిస్తూనే ఉంది నాకు. కుర్చీని తన తువ్వాలుతో తుడిచాడు. ఫ్యాను జోగేశ్వరరావు వైపు తిప్పాడు. వాడి మాటలో అసలు మాట ఒకటుంటే అండీలు నాలుగుంటాయి. పావుగంటలో జోగేశ్వరరావు చేతిలో ఒక కాగితంతో మళ్లీ నా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"మా బుకింగు పల్లంరాజుగారి పేరుకి మార్చెయ్యండి. ఏడు సీట్లు. మర్యాద తెలిసిన చోటే మా ప్రయాణం."

సీట్లు కూడా బుకింగుతో పాటు రోడ్డు దాటతాయనుకున్నాడు. కొట్లో ఒక గుమాస్తా దగ్గర చింపించిన గుడ్డని ఇంకో గుమాస్తా దగ్గర పొట్లం కట్టించుకున్నట్టే అనుకున్నాడు. నేను చెప్పి ఉండొచ్చు. "అటు మారితే కింద, ఇంజను పక్కన కూర్చోవాలండి" అంటే చాలు. అది నోటి దాకా వచ్చింది కూడా. ఆవిడ సంగతి గుర్తు రాలేదని అబద్ధం ఆడను. వచ్చింది. కానీ గుమ్మంలో ఆ మొహాన్ని, ఆ ఎత్తిన గడ్డాన్ని చూసేసరికి, కూర్చో నాయనా, మూడు రోజులు ఆ ఇంజను పక్కనే మర్యాదగా కూర్చో అనిపించింది. కాగితం తీసుకుని, మార్చినట్టు సంతకం చేసి ఇచ్చేశాను.

"సంతోషమండి" అన్నాను. ఆ సాయంత్రమే ఆ ఏడు సీట్లూ ఎవరో బ్యాంకు ఉద్యోగులు తీసుకున్నారు.

ప్రయాణం రోజు పొద్దున్నే రేవుకి వెళ్లాను. నాకు అక్కడ పనేమీ లేదు, చూడటానికే వెళ్లాను. జోగేశ్వరరావు పట్టుపంచె కట్టి, బుట్టలూ మరచెంబులూ వియ్యాలవారి చేత మోయించుకుంటూ వచ్చాడు. తిన్నగా పైకెక్కే నిచ్చెన దగ్గరికి నడిచాడు. టికెట్లు చూసే మనిషి అడ్డం నిలబడి కిందికి చెయ్యి చూపించాడు.

"ఇవి కిందివండి."

"కాదయ్యా, ముందు వరస."

"ముందు వరసేనండి. కింద ముందు వరస. ఇంజను ఎదురుగా ఉంటదండి."

జోగేశ్వరరావు పల్లంరాజు కోసం వెతికాడు. అండీలన్నీ ఆఫీసులోనే అయిపోయినట్టున్నాయి, వాడు రేవుకి రానే లేదు. తర్వాత ఆయన చూపు నా మీద పడింది. నేను నమస్కారం పెట్టాను. చాలా వినయంగా పెట్టాను. ఒక్క మాట అడిగి ఉంటే పైవాళ్లని బతిమాలి ఆవిడ ఒక్కదానికైనా సీటు ఇప్పించేవాణ్ణి. కానీ మగపెళ్లివారు అడుగుతారా! ఆయన వియ్యంకుడి వైపు తిరిగి, రేవంతా వినపడేలా, "పైనంతా ఎండండి బావగారూ. చూసే కిందివి తీయించాను" అన్నాడు. "అవునండి, అవునండి" అన్నాడు గోపాలకృష్ణమూర్తిగారు.

రాజరాజేశ్వరిగారు నిచ్చెన కమ్మీ మీద చెయ్యి వేసి ఉన్నారు. కోడలు ఆ చెయ్యి మెల్లగా విడిపించి కిందికి తీసుకెళ్లింది. పైన బ్యాంకు వాళ్లు ముందు వరస కుర్చీలు వెనక్కి తిప్పేసుకుని, మధ్యలో దుప్పటి పరిచి, లాంచీ కదలకముందే పేకాట మొదలుపెట్టారు. నేను ఆఫీసుకి వెళ్లి, జోగేశ్వరరావు పట్టుపంచెతో బస్తాల మధ్య దూరిన వైనాన్ని వచ్చినవాళ్లందరికీ అభినయించి మరీ చెప్పాను. బాగా నవ్వారు.

మూడో రోజు సాయంత్రం లాంచీ తిరిగొచ్చింది. కాసేపటికి కోడలి చెయ్యి పట్టుకుని రాజరాజేశ్వరిగారు నా మెట్లెక్కారు. జోగేశ్వరరావు కింద రిక్షా దగ్గరే ఆగాడు. పట్టుపంచె మీద నూనె మరకలు ఇక్కణ్ణించి కూడా కనిపిస్తున్నాయి.

"బాబూ, మీరేనాండి?"

"నేనేనమ్మా. కూర్చోండి."

"కూర్చోనండి, రైలుకి టైమయింది. ఒక్క సంగతి కనుక్కుందామని వచ్చాను. ఎదర ఆఫీసుకి మారితే కిందే కూర్చోవాలని మీకు ముందే తెలుసాండి?"

పదకొండేళ్ల ఏజెంటు పనిలో నా దగ్గర జవాబు లేని ప్రశ్న లేదు. ఇప్పుడూ జవాబులు నాలుగైదున్నాయి.

"తెలుసమ్మా."

"ఆయనతో అన్నారా?"

"ఆయన అడగలేదమ్మా."

ఆవిడ తల ఊపారు. "కొండలొచ్చాయని పైన అందరూ కేకలేశారండి. ఆయన టార్పాలిన్ విప్పబోయారు. లాంచీ వాళ్లు ఊరుకోలేదు. నన్ను పైకి పోనివ్వమని ఆ కుర్రాళ్లందరినీ బతిమాలారు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా పెళ్లయి నలభై ఏళ్లండి, ఆయన ఇంకొకళ్లని బతిమాలడం నేను వినలేదు. తర్వాత నా పక్కన కూర్చుని ఏడ్చారు."

కోడలు మొహం తిప్పేసుకుంది. నాకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. అమ్ముకునేవాణ్ణి కాబట్టి, నా దగ్గరున్నదే ఇవ్వబోయాను.

"కార్తీకంలో మళ్లీ లాంచీ తిరుగుతుందమ్మా. పైన నడిమి సీటు మీకే. నేనే వచ్చి కూర్చోబెడతాను."

"కార్తీకానికి నాకేం ఉంటుందండి" అన్నారావిడ. విసుగు లేదు, నిష్ఠూరం లేదు. రిక్షా ఉన్న వైపుకి మొహం తిప్పారు. ఆయన పక్కగా నిలబడ్డాడు, ఆవిడకి కనిపించి ఉండడు.

"ఆయన కోపంలో తెలీక చేశారండి. ఆయనతో గొడవ పడటానికి నాకు ఇల్లుంది. మీరు తెలిసీ ఊరుకున్నారు. అది మీకు ఎవరో ఒకరు చెప్పాలి కదాండీ, అందుకని వచ్చాను. వెళ్లొస్తానండి."

కోడలు ముందు నడిచింది. ఆవిడ ఒక్కొక్క మెట్టే కాలితో తడుముకుంటూ దిగారు. జోగేశ్వరరావు గబగబా రెండు మెట్లెక్కి ఎదురొచ్చి చెయ్యి అందించాడు. నేను ఇవతల కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాను. దిగి ఆవిడ రెండో చెయ్యి పట్టుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.