కుడివైపు బుష్షులు

డ్రాయింగు మాస్టారి పాత కారుకి ఏడాది తిరిగేసరికల్లా ముందు చక్రాల దగ్గర కుదుపులు ఓర్చే రబ్బరు బుష్షులు అరిగిపోతాయి. ఎడమవైపువి ఎందుకు అరుగుతాయో ఊరందరికీ తెలుసు. కుడివైపువి మాత్రం రోడ్డు మీద గోతుల వల్లే అనుకుంటారు. ఈసారి కూడా సెలవులివ్వగానే ఆయన బండిని షెడ్డుకి తోలుకొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

షెడ్డు నడిపే అమ్మాయి చిన్నప్పుడు ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకుంది. నేర్చుకుందనడం మర్యాద కోసం, సున్నా కూడా గుండ్రంగా గీసేది కాదు. స్పానరు పట్టిందంటే మాత్రం తిరుగులేదు. జాకీ మీద బండి లేపి, చక్రాలు విప్పి, చక్రాల్ని పట్టి ఉంచే ఆర్ములు ఊడదీసి, వైసులో బిగించి పాత రబ్బర్లు బయటికి నెట్టేసింది. అన్నీ నలిగి పగుళ్ళిచ్చి ఉన్నాయి.

"ఇంకా తలుచుకుంటూనే ఉన్నారన్నమాట!" అంది.

"నా సంగతి నీకెందుకే? పని చూడు."

ఆ ఊళ్ళో ఎవరి మీద బెంగ పెట్టుకుంటే, వాళ్ళు కూర్చునే చోట వాళ్ళ బరువు పడుతుంది. కూతురు హాస్టలుకి వెళ్ళిన దగ్గర్నించీ పోస్టుమాను సైకిలు వెనక టైరులో గాలి నిలవదు. ఆయన రోజూ గాలి కొట్టుకుని డ్యూటీకి పోతాడు.

పదకొండేళ్ళ కిందట ఈ కారులోనే మాటా మాటా పెరిగి, ఎడమవైపు సీట్లో కూర్చున్న మాస్టారి భార్య "నన్నిక్కడే దింపెయ్యండి" అంది. ఈ మహానుభావుడు నిజంగానే ఆపేశాడు. వస్తుందిలే అనుకుని ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. ఆవిడ అటునించి అటే పొరుగూళ్ళో అక్కగారింటికి వెళ్ళిపోయింది. మొదటి ఏడాది ఈయన పంతం కొద్దీ వెళ్ళలేదు. ఆ తర్వాత భయం. ఆవిడ గుమ్మంలో నిలబడి "ఏం పని మీద వచ్చారు?" అంటే ఆ మాట తట్టుకోలేడు. తనని ఎప్పుడో మర్చిపోయి ఉంటుందని ఆయనకి గట్టి నమ్మకం.

అమ్మాయి కొత్త బుష్షులు సబ్బునీళ్ళతో తడిపి ఎక్కించి, బండిని చక్రాల మీదికి దించింది. బోల్టులు చివరగా బిగించేది అప్పుడే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెల తిరక్కుండా చిరిగిపోతుంది. దించీ దించగానే బండి ముందు భాగమంతా కుంగింది.

"మాస్టారూ, అయిదు నిమిషాలు అమ్మగారిని తలుచుకోకండి. ఈ బరువు మీద బిగించలేను."

"వద్దంటే ఇంకా గుర్తొస్తుంది."

"అయితే పదిహేడో ఎక్కం చదవండి."

మాస్టారికి లెక్కలంటే గుండెదడ. కళ్ళు మూసుకుని, చెమటలు కక్కుతూ మొదలుపెట్టాడు. నూట రెండు దాటేసరికి ఎడమవైపు మెల్లగా పైకి లేచింది.

"ఆపేశారా?" అంది అమ్మాయి.

"లేదే, నూట యాభై మూడులో ఉన్నాను."

"మరి కుడివైపు లేవదేం?"

మాస్టారు కళ్ళు తెరిచాడు. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు, కానీ మధ్యలో మనిషి కూర్చున్నట్టు గుంట పడి ఉంది. అది ఆయన సీటు. ఆయన పక్కన కూర్చుని ఆ బండిలో తిరిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే.

ఆయన వంగి, నేల మీద పడున్న పాత రబ్బర్లు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎడమది ఎంత నలిగిందో కుడిది కూడా అంతే నలిగింది. ఏటేటా నలుగుతూనే ఉంది. ఆయనకి ఏడుపొచ్చింది. పిల్ల ముందు సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఎక్కం ఆగిపోయేసరికి ఎడమవైపు కూడా కుంగి, బండి సమంగా నిలబడింది.

"ఇలాగే బిగించెయ్యి. రోజూ మోసేది ఈ బరువేగా," అన్నాడు.

అమ్మాయి బిగించి లేచి, చేతులు తుడుచుకుంటూ ఆయన మొహంలోకి చూసింది.

"వెళ్ళి ఏం చెప్పనే?" అన్నాడు.

"ఏం చెప్పక్కర్లేదు మాస్టారూ. కారు తలుపు తీసి పట్టుకోండి, ఆవిడ ఎక్కేదాకా."