అపీలు చెయ్యలేని కెప్టెన్

భారత మహిళల క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయిన ఆమె పంజాబ్‌లోని మా మోగా నుంచే వెళ్ళింది. అందుకని మా జిల్లాలో ఏ ఆడపిల్ల చేతిలో బ్యాటు కనబడినా పెద్దవాళ్ళు "ఏం కెప్టెన్, ఎక్కడికి?" అని పలకరిస్తారు. నన్నూ అలాగే పలకరించేవారు. నేను తల వంచుకుని సైకిలు ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. తరవాత నేను నిజంగానే కెప్టెన్ అయ్యాను. అప్పటినుంచి నన్నెవరూ అలా పిలవడం లేదు.

ఆ పదవి నాకు ప్రతిభ వల్ల రాలేదు. మా జిల్లా అండర్-19 అమ్మాయిల జట్టు కెప్టెన్‌కి పటియాలా హాస్టల్లో సీటొచ్చి వెళ్ళిపోయింది. కోచ్ తర్‌లోచన్ సర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, "వికెట్ కీపర్‌కి మైదానమంతా కనిపిస్తుంది. సీరత్, నువ్వే కెప్టెన్" అన్నారు. "వద్దు సర్" అన్నాను. ఆయనకి వినబడలేదు. జట్టుకి ఏం జరగబోతోందో ఆ క్షణంలోనే ఆయనకి తెలిసి ఉండాల్సింది.

మా ఊళ్ళో రహస్యం చెప్పుకున్నా కాలువ అవతలి వాళ్ళకి వినిపిస్తుంది. మా నాన్నమ్మ, అంటే బీజీ, గుమ్మంలో నిలబడి దగ్గితే వీధి చివర కొట్టువాడు ఆమెకి కావలసిన బెల్లం కడతాడు. అలాంటి ఇంట్లో పుట్టి నేను ఈ గొంతు ఎక్కడినుంచి తెచ్చుకున్నానో ఎవరికీ తెలీదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. డైరీ చూపించి ఫీల్డర్లను జరపడం మాత్రం కుదరదు. అందుకని చేతులు ఊపేదాన్ని. స్లిప్పులో నిలబడే గగ్గీ నా ఊపులకి అర్థాలు చెప్పేది.

"అమ్మాయిలూ, కెప్టెన్‌గారు చెయ్యి ఊపారు. ఎవరో వెనక్కి వెళ్ళండి. లేదంటే ఈగని తోలుతున్నారేమో, అదీ కాస్త చూడండి!"

మా జట్టులో అసలైన ఆట రమ్నీక్ దీదీది. ఎడమచేతి స్పిన్. నాకంటే రెండేళ్ళు పెద్దది. నేను కెప్టెన్ని, ఆమె బౌలర్; అయినా బంతి ఇచ్చేటప్పుడు "దీదీ, మీకు ఇబ్బంది లేకపోతే..." అనేదాన్ని. వచ్చే సెప్టెంబరుకి ఆమె వయసు దాటిపోతుంది. ఈసారి పంజాబ్ క్యాంపుకి ఎంపికైతే సరే, లేకపోతే జగ్రాఁవ్‌లో వాళ్ళ మేనత్త బ్యూటీ పార్లర్‌లో చేరాలి. "బంతి తిప్పే వేళ్ళేగా, కనుబొమల దారం కూడా తిప్పుతాయిలే" అన్నాడట వాళ్ళ నాన్న. క్యాంపులో స్పిన్నర్‌కి ఒక్కటే చోటు. దానికి రమ్నీక్ దీదీ, ఒక లుధియానా అమ్మాయి పోటీ. మా రెండు మ్యాచ్‌లు చూడటానికి సెలెక్టర్ వాలియా మేడమ్ వచ్చారు.

మొదటి మ్యాచ్ ఏప్రిల్లో. మైదానం పక్క పొలంలో గోధుమ కోతయంత్రం తిరుగుతోంది. దాని రొదలో ఇంకేమీ వినబడదు. రమ్నీక్ దీదీ వేసిన బంతి అవతలి జట్టు ఓపెనర్ బ్యాటుని వెంట్రుకవాసిలో రాసుకుని నా గ్లవ్స్‌లో పడింది. ఆ చప్పుడు వికెట్ల వెనకే ఉన్న నాకొక్కదానికే వినిపించింది. బంతి దారి మారడం దీదీ చూసింది కానీ, అది తన స్పిన్ మహిమ అనుకుని తనలో తనే మురిసిపోతోంది. గగ్గీ జడ బిగించుకుంటోంది.

క్రికెట్లో మేం అడిగితే తప్ప అంపైర్ అవుట్ ఇవ్వడు. అందరికీ వినబడేలా అరిచి అడగాలి, దాన్నే అపీలు అంటారు. నేను బంతి పట్టుకుని అంపైర్ సోధీ సర్ వంక చూశాను. ఆయన నా వంక చూశారు. నేను కనుబొమలు పైకెత్తాను. ఆయనా ఎత్తారు. అలా కాసేపు ఒకరినొకరు మర్యాదగా చూసుకున్నాక బంతి దీదీకి విసిరేశాను.

ఆ ఓపెనర్ అరవై కొట్టింది. మేం ఓడిపోయాం. టీ తాగుతూ సోధీ సర్ మా కోచ్‌తో, "మీ కీపర్‌కి గొంతునొప్పా? ఆ పిల్ల పన్నెండు పరుగుల దగ్గరే అవుటు. బంతి దారి మారడం చూశాను, వేలెత్తడానికి సిద్ధంగానే ఉన్నాను, అడిగే దిక్కేదీ?" అన్నారు. వెనకాలే రమ్నీక్ దీదీ ఉంది.

"అవుటా?" అని నా దగ్గరికొచ్చింది. "నీకు తెలుసా?"

"చప్పుడు వినిపించింది, దీదీ."

"మరి అరవలేదే?"

"అరుద్దామనే అనుకున్నాను."

"అనుకుంది చూడండి! మనసులో అనుకుంటే అవుటిచ్చేది పైన వాహెగురు ఒక్కడే. కింద సోధీ సర్‌కి చెవులే ఉన్నాయి" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపట్నుంచి కనుబొమలు దిద్దించుకోవాలంటే నా దగ్గరికే రా. నీకు ఊరికే చేస్తాను."

ఇంట్లో ఈ సంగతి చెప్పకపోయినా బీజీకి తెలిసిపోయింది. ఆమె నన్ను డాబా ఎక్కించి, "అదిగో, కాలువ అవతల మీ చాచా. అన్నానికి పిలువు. ఇక్కడినుంచే" అంది. పిలిచాను. పావురాలు కూడా కదల్లేదు. "కడుపులోంచి పిలవవే, పుత్తర్! పళ్ళ మధ్యలోంచి కాదు!" మళ్ళీ పిలిచాను. కింద వీధిలో కూరలమ్ముకునేవాడు ఆగి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. సిగ్గేసి అరకిలో బెండకాయలు కొన్నాను. తరవాత నడుచుకుంటూ పొలానికి వెళ్ళి చాచాజీని పిలుచుకొచ్చాను. ఆయన రొట్టెలు చల్లారిపోయాయి. "పిల్ల మంచిదే, ఆడియో పోయిందంతే" అన్నాడు తింటూ.

రెండో మ్యాచ్‌కి ముందు రాత్రి డైరీలో ఒకే వాక్యం రాశాను: రేపు దేనికైనా సరే అరవాలి. ఆ 'దేనికైనా సరే' అన్న ముక్క ఎంత ప్రమాదమో అప్పుడు తట్టలేదు.

ఆ మ్యాచ్ కూడా మోగాలోనే. వాలియా మేడమ్ షామియానా కింద నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నారు. అంపైర్ మళ్ళీ సోధీ సర్. నన్ను చూడగానే, "ఈవేళ వేడినీళ్ళతో పుక్కిలించావా?" అని అడిగారు.

మధ్యాహ్నానికి సంగతి ఇలా తేలింది. అవతలి జట్టు గెలవడానికి ఇంకా మూడు పరుగులు కావాలి, వాళ్ళకి ఒక్క వికెట్టే మిగిలింది. రమ్నీక్ దీదీ తన చివరి ఓవర్ వేస్తోంది. రోజంతా ఆమె బంతుల్ని కొట్టలేక అవతలివాళ్ళు తలలు బాదుకున్నారు, కానీ వికెట్ ఒకటే దొరికింది. ఇంకొక్కటి దొరికితే మ్యాచ్ మాది, క్యాంపు ఆమెది. ఈ లెక్క మైదానంలో అందరికీ తెలుసు. దీదీ మాత్రం నాతో మాట్లాడటం లేదు. ఫీల్డింగ్ ఎలా కావాలో గగ్గీకి చెబితే గగ్గీ నాకు చెప్పేది. "కెప్టెన్‌గారూ, పక్కింటివాళ్ళు మీకేదో కబురు పంపారు" అనేది.

నాలుగో బంతి. నీలం హెల్మెట్ పెట్టుకున్న పొడుగమ్మాయి ముందుకు వంగి ఆడింది. టక్కుమంది. బంతి కిందికి దిగి వచ్చింది, నేను పక్కకి పడుతూ గ్లవ్ పెట్టాను, దొరికింది. ఆ తరవాత ఎవరో అరిచారు.

ఆ అరుపు పొలాల మీదికి వెళ్ళింది. షామియానా కింద ఎవరి చేతిలోదో టీ గ్లాసు కిందపడింది. అంత గట్టిగా అరిచిందెవరా అని నేనూ తలెత్తి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

సోధీ సర్ వేలు పైకి లేచింది. నా గొంతు విన్న ఆశ్చర్యంలో లేచిందో, న్యాయంగానే లేచిందో ఆయన్నే అడగాలి. పదిమందీ వచ్చి నా మీద పడ్డారు. రమ్నీక్ దీదీ నా హెల్మెట్ రెండు చేతులా పట్టుకుని ఊపేస్తూ, "ఓయ్ మూగదానా! ఓయ్ నా బంగారమా! ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ!" అంటోంది. ఏడుస్తోంది కూడా. ఆమె నాతో మాట్లాడి పదిహేను రోజులయింది.

నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అది నాలుగు క్షణాలు ఉంది. అయిదో క్షణంలో నా ఎడమచేతి వేళ్ళకి గుర్తొచ్చింది. గ్లవ్‌లో పడేముందు బంతి నేలని తాకింది. చూడలేదు, కానీ కీపర్ వేళ్ళు అబద్ధం చెప్పవు. నేలనుంచి లేచిన బంతి వేళ్ళ కొసలకి తగులుతుంది. గాలిలోంచి వచ్చింది అరచేతిలో పడుతుంది. నాకు వేళ్ళ కొసలు మండుతున్నాయి.

పొడుగమ్మాయి బ్యాటు ఈడ్చుకుంటూ బౌండరీ గీత వైపు నడుస్తోంది. ఆమె గీత దాటేలోపు ఫీల్డింగ్ కెప్టెన్ అపీలు వెనక్కి తీసుకోవచ్చు. ఇది నాకెలా తెలుసంటే, మాట్లాడటం రానివాళ్ళు నియమాల పుస్తకం బాగా చదువుతారు. ఆ క్షణంలో ఆ చదువుకి నన్ను నేను తిట్టుకున్నంత ఎవరూ తిట్టి ఉండరు.

గుంపులోంచి బయటపడి సోధీ సర్ దగ్గరికి వెళ్ళాను. "సర్, అది..." అన్నాను. ఉన్న గొంతంతా ఆ ఒక్క అరుపుకే ఖర్చయిపోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏంటమ్మా?"

"నేల..."

"గట్టిగా చెప్పు. ఇప్పుడే కదా లుధియానా దాకా వినిపించావు!"

పొడుగమ్మాయి గీతకి పది అడుగుల దూరంలో ఉంది. కళ్ళు మూసుకుని అరిచాను: "బంతి నేలకి తగిలింది! అపీలు వెనక్కి తీసుకుంటున్నాను!"

పొడుగమ్మాయి వెనక్కి తిరిగింది. సోధీ సర్ తలూపి ఆమెని రమ్మన్నారు. మా జట్టువాళ్ళు ఒక్కొక్కరే నా నుంచి దూరంగా జరిగారు, అంటువ్యాధి ఉన్నదాన్ని చూసినట్టు. బౌండరీ దగ్గర తర్‌లోచన్ సర్ తలపాగా మీద రెండు చేతులూ పెట్టుకుని నేలమీద కూర్చున్నారు.

రమ్నీక్ దీదీ దగ్గరికొచ్చింది.

"తగిలిందా?"

"తగిలింది, దీదీ."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

నేను నా గ్లవ్స్ వంక చూసుకున్నాను.

"జీవితంలో రెండుసార్లు నోరు తెరిచావు" అంది చాలా మెల్లగా. "రెండోసారి మూసుకోవాల్సింది." బంతి తీసుకుని వెళ్ళిపోయింది.

అయిదో బంతి ఆ రోజుకే గొప్ప బంతి. పొడుగమ్మాయి కళ్ళుమూసుకుని బ్యాటు తిప్పింది, తగల్లేదు. బంతి వికెట్ల పక్కనుంచి వేలెడు దూరంలో పోయింది. నేను పట్టుకోవాలి. నాకు కన్నీళ్ళలో మూడు బంతులు కనిపించాయి. మధ్యదానికి గ్లవ్స్ పెట్టాను. అసలుది నా కాళ్ళ మధ్యనుంచి దూరి గీత దాటింది. నాలుగు పరుగులు. మ్యాచ్ అయిపోయింది.

తరవాత పన్నెండు రోజులు దీదీ నా ఫోన్ ఎత్తలేదు. నేను మా ఇంటి గేటు దాటలేదు. ఇంట్లో బీజీ మాత్రం వచ్చినవాళ్ళందరికీ, "మా పిల్ల అరుపు గురుద్వారా దాకా వినిపించిందట" అని చెప్పుకునేది. దేనికి అరిచిందో చెప్పేది కాదు. డైరీలో నేను పెద్ద త్యాగమూర్తిలా నాలుగు పేజీలు రాసుకున్నాను. నిజాయితీ కోసం స్నేహాన్ని పోగొట్టుకున్న కెప్టెన్ అని కూడా రాసుకున్నాను. ఇప్పుడు చదివితే పేజీలు చింపబుద్ధేస్తుంది.

పదమూడో రోజు పొద్దున్న నేను లస్సీ చిలుకుతుంటే గేటు ధడాల్న తెరుచుకుంది. రమ్నీక్ దీదీ. చేతిలో ఫోను.

"ఏయ్ కెప్టెన్! క్యాంపు జాబితా వచ్చింది."

నా చేతిలో కవ్వం ఆగిపోయింది.

"పార్లర్ నుంచి తప్పించుకున్నాను" అంది. నేను ఏడుపు మొదలుపెట్టబోతే, "ఆగు, ముందు ఎలాగో విను, తరవాత ఏడు" అని మంచం మీద కూర్చుని నా లస్సీ తాగేసింది. "నాకూ లుధియానా అమ్మాయికీ వికెట్లు సమానం. ఓవర్లు సమానం. నీ దొంగ క్యాచ్ ఉంటే నాకొకటి ఎక్కువుండేది, అది నువ్వు పోగొట్టావు. అందుకని వాలియా మేడమ్ ఎవరు తక్కువ పరుగులిచ్చారో చూశారట. నేను మూడు తక్కువ."

"మూడే?"

"మూడే. ఆఖరి బంతికి నాలుగు పరుగులు పోయాయి గుర్తుందా? బ్యాటుకి తగిలి పోయుంటే నా లెక్కలో పడేవి. కీపర్ వదిలేసినవి బైలు, బౌలర్ లెక్కలోకి రావు. నీ నోరు నాకు పనికి రాలేదు, నీ నిజాయితీ అంతకంటే పనికి రాలేదు. నన్ను క్యాంపుకి పంపింది నీ కాళ్ళ మధ్య ఖాళీ!"

పన్నెండు రోజుల నా త్యాగం అలా లస్సీ గ్లాసులో మునిగిపోయింది. పరువు దక్కించుకుందామని, "అది మీ కోసం కావాలనే వదిలాను, దీదీ" అన్నాను.

ఆమె గ్లాసు కిందపెట్టింది. సోధీ సర్‌లా నిటారుగా నిలబడి, కనుబొమలు పైకెత్తి నా వంక చూసింది.

"సరే, వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.