పట్టీ కింద

ఆమె గడప దగ్గర కూర్చుని పాత లారీ ట్యూబును పట్టీలుగా కత్తిరిస్తోంది. పొద్దున్నే అదో పనైపోయింది ఆమెకు. రొయ్యపిల్లల తొట్లకు సముద్రపు నీళ్ళు తెచ్చే స్టీలు గొట్టం ఎక్కడ చెమర్చినా భర్త ఆ పట్టీ చుట్టి క్లాంపు బిగించేవాడు. పనివాళ్ళు అతన్ని ‘పట్టీల డాక్టరు’ అనేవారు.

భర్తా, అతని అన్నా రెక్కలు ముక్కలు చేసుకుని పెట్టుకున్న తొట్లవి. ఈ విడత పిల్లలు బతికితే సరి, లేదంటే మూతే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

బావగారు వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

“ఏమ్మా, గొట్టానికి చొక్కా కుట్టేస్తున్నారా మొగుడూ పెళ్ళాం?”

“కారకుండా ఉంటే పంట్లాం కూడా కుడతాం బావగారూ.”

అంతలో భర్త వచ్చాడు. మోచేతుల దాకా తడి. చేతిలోని, రాత్రి కోసి మార్చిన మూరెడు గొట్టం ముక్కను ఇద్దరి మధ్యా పెట్టి, పట్టీ ఊడదీశాడు.

పట్టీ లేనిచోట అద్దంలా మెరుస్తోంది. పట్టీ కింద జల్లెడ.

“ఇదేంట్రా, స్టీలుకి తుప్పా?”

“పారే నీళ్ళతో ఫర్వాలేదన్నయ్యా, నిలిచిన ఉప్పునీళ్ళే తినేస్తాయి. పని ఆపినప్పుడు గొట్టం ఖాళీ చేసి మంచినీళ్ళతో కడుగుదామంటే...”

“‘అదేమన్నా పెళ్ళికూతురా స్నానం చేయించడానికి’ అన్నాను. అన్నాన్లే. నువ్వు మాత్రం సరేనని ఊరుకోలేదూ?”

“ఊరుకున్నాను. పైగా ఈ పట్టీలొకటి. కారిన నీళ్ళు వీటి కింద ఇరుక్కుని, ఒక చిల్లు పక్కన పది చేశాయి.”

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. ‘నీ పట్టీ వేస్తే చుక్క బయటికి రాదే’ అని భర్త మెచ్చుకునేవాడు. ఆ మాటకే పొంగిపోయి, అంచులు మరీ తిన్నగా కోసేది.

“అన్నీ విప్పేస్తే?” అంది.

“విప్పితే కారుతుంది. ఉంచితే తింటుంది.”

“కొత్త గొట్టం?” అన్నాడు అన్న.

“అది వచ్చేదాకా నీళ్ళు లేకుండా పిల్లలాగవు. ఇప్పుడు నీళ్ళు తోడే మోటారు మీదికే చిమ్ముతోంది. ఆపకపోతే అదీ కాలిపోతుంది.”

“ఆపితే?”

మేకుకు వేలాడుతున్న మోటారు గది తాళంచెవి వైపు ముగ్గురూ చూశారు. తమ్ముడి చెయ్యి అలవాటు కొద్దీ ఆమె ఒళ్ళోంచి ఓ కొత్త పట్టీ తీసుకుంది. తీసుకుని, ఏం చెయ్యాలో తెలియక వేలికి చుట్టుకుంది.

బావగారు లేచాడు. ఎవరినో ఒకరిని ఓ మాట అననిదే ఆ గడప దాటే మనిషి కాదు. తాళంచెవి తీసుకుని, ఆమె కత్తిరించిన పట్టీలు తొక్కకుండా పక్కనుంచి అడుగేసి, మాట్లాడకుండా మోటారు ఆపడానికి వెళ్ళిపోయాడు.