ముందు దువ్వెన, తర్వాత నీళ్ళు

తలమీద ఒక్క వెంట్రుక లేని మనిషి నలుగురి జుట్టూ చూసుకుంటూ బతకడంలో విడ్డూరం ఏమీ లేదు. విడ్డూరమల్లా ఏమిటంటే, జుట్టు గురించి ఆయనకు ఎవరైనా ఒక్క మాట చెప్పబోతే చాలు, ఆ గుండు సర్రున ఎర్రబడేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ సెలూన్ మరి. రెండు కుర్చీలు, మూడు అద్దాలు, గోడవారగా ఒక బల్ల, పైన పడుకోవడానికి ఒక గది. పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్న ఒక్క బంధువూ నాలుగు వీధుల అవతల ఉండే అక్క. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. అతనికి యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆవిడ లెక్కలో ఏడో తరగతి తప్పిన తమ్ముడే కాబట్టి, మనమూ తమ్ముడనే పిలుచుకుందాం.

ఒక సోమవారం పొద్దున్నే అక్క సెలూన్‌కి వచ్చింది. ఎడమ చంకలో కుక్క, మెడలో వేలాడుతున్న గుడ్డసంచీ, పొట్టకు ఆనించుకున్న కుడిచెయ్యి. ముప్ఫై అయిదేళ్ళపాటు నల్లబల్ల మీదకు ఎత్తీ ఎత్తీ ఆ భుజం అరిగిపోయింది. మర్నాడే ఆపరేషన్. ఆ తర్వాత వ్యాయామాలు, వగైరాలు కలుపుకుని మొత్తం మూడు వారాలు ఆస్పత్రిలోనే.

కుక్క పేరు పింజ. మాల్టీస్ జాతిది, బొమ్మకుక్క అంటారే, ఆ రకం. తూకానికి పెడితే మూడు కిలోలు. వీపు మీద పాపిడి, ఆ పాపిడికి అటూ ఇటూ నేలదాకా జారే తెల్లటి పట్టుజుట్టు, కళ్ళలో పడకుండా నెత్తిన పిలక, పిలకకు ఎర్ర రిబ్బను. నడుస్తుంటే కాళ్ళు కనపడవు. పుట్టిన ఐదేళ్ళలో కత్తెర అంటే ఏమిటో ఎరగని జుట్టు అది. అక్క రోజూ పొద్దున గంటసేపు కూర్చుని దువ్వేది. వీధిలో వెళ్తుంటే జనం ఆగి చూసేవాళ్ళు, పూలకొట్టు అమ్మాయైతే దగ్గరికొచ్చి మరీ నిమిరేది, అక్క చూడనట్టే ఉండి అంతా చూసేది.

"ఒరే, నేనొచ్చేసరికి దీని జుట్టు ఇలాగే ఉండాలి. ఏ తేడా వచ్చినా ఊరుకోను," అంది అక్క.

"అక్కా, జుట్టు గురించి నాకు చెప్తున్నావా?"

"నీకే చెప్తున్నా. సంచిలో నోటుబుక్కుంది. అన్నీ రాశాను. చదువు."

"చదువుతాలే."

"ఎప్పుడు చదివావు గనక!"

వెళ్ళేముందు అక్క పింజ నెత్తిమీద చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆపరేషన్ భయం కాబోలు అనుకున్నాడు తమ్ముడు. నోటుబుక్కును పౌడరు డబ్బాల వెనక పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే మరిచిపోయాడు.

మొదటి రెండు రోజులూ పింజ మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు. గాజుతలుపు దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేది. ఎవరైనా ఆడమనిషి అటుగా వస్తే లేచి నిలబడటం, కాదని తెలిశాక కూలబడటం. మూడోరోజు తమ్ముడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఉడికించిన కోడిమాంసం వేళ్ళతో సన్నగా చీల్చి, నేలమీద చతికిలబడి, "తిను తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎక్కడున్నాయో చూపించు," అని బతిమాలాడు. అది ఒక ముక్క తీసుకుంది. ఇంకోటి తీసుకుంది. ఆఖరికి వేళ్ళు కూడా నాకింది. ఆ రోజు పడుకున్నప్పుడు వచ్చి అతని పాదానికి వీపు ఆనించి ముడుచుకుంది. కాలు తిమ్మిరెక్కినా తమ్ముడు కదల్లేదు.

అక్కడితో అతని పని అయిపోయింది. వారం తిరిగేసరికి రెండో కుర్చీ పింజది. రోజూ గడ్డానికి వచ్చే బస్సు కండక్టరు ఒకసారి పొరపాటున అందులో కూర్చోబోతే తమ్ముడు రెక్క పట్టుకుని లేపాడు.

"ఏంటి మాస్టారూ, కుక్క కోసం నన్ను లేపుతారా?"

"అది పొద్దున్నే వచ్చి కూర్చుంది. మీరు ఇప్పుడొచ్చారు. వరసలో రండి."

గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి పింజ కళ్ళ కొసలు తుడిచేవాడు. తలమీద మునివేళ్ళతో మర్దనా చేసేవాడు, దానికది మహా ఇష్టం. జుట్టు కూడా రోజూ దువ్వాడు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే దువ్వింది పైపైన. సెలూన్ వాళ్ళ కన్ను అద్దంలో కనపడేదాన్నే చూస్తుంది. చంకల్లో, చెవుల వెనక, తొడల మధ్య ఏం జరుగుతోందో అద్దం చెప్పదు కదా. అక్కడ రోజుకో పోగు రోజుకో పోగుతో ముడిపడుతూనే ఉంది.

తొమ్మిదో రోజున వాన కురిసి వెలిసింది. తలుపు తెరిచి ఉండటం చూసి పింజ బయటికి జారుకుని, వీధి మధ్య గుంటలో హాయిగా పొర్లింది. తమ్ముడు కోప్పడలేదు సరికదా, నవ్వుకుంటూ తీసుకొచ్చి స్నానం మొదలుపెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అతని పద్ధతి ఒకటే: ఎంత చింపిరి తలైనా ముందు నీళ్ళు, ఆ తర్వాతే దువ్వెన. మనుషుల జుట్టుకు అది సరైనదే. అదే చేశాడు. షాంపూ పెట్టి రుద్దాడు, తువ్వాలుతో బుర్రలు తుడిచినట్టు గుండ్రంగా గుండ్రంగా తుడిచాడు, వేడిగాలితో ఆరబెట్టాడు. పైన పట్టులా మెరిసింది. మీసం ఉంటే మెలేసేవాడే.

మర్నాడు చంక కింద చెయ్యి పెట్టి ఎత్తబోతే పింజ కుయ్యిమంది. వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. జుట్టు పాయల్ని తీసి చూసేసరికి తమ్ముడి గుండెల్లో రాయి పడింది. చంకల్లో జుట్టు కాస్తా కంబళి ముక్కలా అయిపోయింది. చెవుల వెనక అంతే. పొట్ట కింద అంతే. దువ్వెన దిగదు, సూది దిగదు. కొనపట్టి లాగాడు. పింజ అరిచింది. ఇంకొంచెం లాగాడు. అది మొదటిసారి అతని మీద గుర్రుమని, చేతిలోంచి జారి బల్లకిందికి దూరి గోడకు అతుక్కుపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అతని చేతికింద నుంచి ఎవరూ పారిపోలేదు. ఎంత పిలిచినా అది రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నోటుబుక్కు. పౌడరు డబ్బాల వెనక నుంచి తీసి తెరిచాడు. మొదటి పేజీలో మొదటి వాక్యమే, కింద ఎర్రసిరాతో రెండు గీతలతో: "ముందు దువ్వెన, తర్వాత నీళ్ళు. చిక్కు తీయకుండా తడిపితే ఆ చిక్కు ఇక వీడదు." తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. పేజీలు తిప్పుతూ పోయాడు. ఏ రోజు ఏ మూల ఎలా దువ్వాలో బొమ్మలు వేసి మరీ రాసింది అక్క. చివరి పేజీకి వచ్చాక తెలిసింది, ఆ నోటుబుక్కు అసలు తనకోసం రాసింది కాదని.

"పూలకొట్టు అమ్మాయికి," అని ఉంది. "అమ్మా, ఆపరేషన్ అయినా నా చెయ్యి భుజంపైకి లేవదని డాక్టరుగారు ముందే చెప్పారు. రోజూ గంట దువ్వడం ఇక నావల్ల కాదు. దీని జుట్టంటే నీకెంత ముచ్చటో చూశాను కాబట్టి నీకే ఇస్తున్నాను. నేను రాగానే వచ్చి తీసుకెళ్ళు. మొదటి రెండు రోజులు తినదు, కంగారుపడకు, చేత్తో పెట్టు. పడుకున్నప్పుడు నీ పాదం తగలాలి దానికి. నాకోసం వెతుక్కుంటుంది. నేను చూడటానికి రాను. వస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

తమ్ముడు ఆ పేజీని మూడుసార్లు చదివాడు. అక్క ఏడవడం అతను చిన్నప్పుడు కూడా చూడలేదు. ఆ పేజీలో ఒకచోట మాత్రం సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది.

ఆ సాయంత్రమే పింజను దుప్పట్లో చుట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ చంకలూ చెవులూ చూసి, "ఇంకేముంది, మొత్తం తీసెయ్యండి," అంది.

"వేరే దారే లేదా డాక్టరమ్మా? ఐదేళ్ళు పెంచిన జుట్టు. మా అక్కకి మాటిచ్చాను."

"ఉంది. రోజుకి కొంచెం కొంచెంగా పీకుతూ కూర్చోవచ్చు. నొప్పి దానికి, తృప్తి మీకు."

తమ్ముడు పింజను మళ్ళీ దుప్పట్లో చుట్టుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చాడు. మర్నాడు సెలూన్‌కి సెలవు బోర్డు పెట్టాడు. చిన్నపిల్లల కోసం వాడే చెక్కను కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసి, దానిమీద తువ్వాలు పరిచి, పింజను కూర్చోబెట్టాడు. అది వణుకుతోంది. ఎర్ర రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాడు. మెషిన్ బ్లేడు వేడెక్కిందేమోనని మాటిమాటికీ తన మణికట్టుకు ఆనించి చూసుకుంటూ, మెడ దగ్గర మొదలుపెట్టాడు. జుట్టు పోగులుగా రాలలేదు, దుప్పటి ఊడినట్టు ఒకే పలకగా ఊడివచ్చింది. చంకల్లో చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. అది చూశాక తమ్ముడికి కళ్ళు కనపడలేదు. మెషిన్ ఆపేశాడు.

"తప్పు నాదేరా తల్లీ. పొగరు నాది, నొప్పి నీకు," అని తల వంచాడు.

పింజ ఆ గుండును ఒక క్షణం వాసన చూసింది. తర్వాత ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దాకా తీరిగ్గా నాకింది. తమ్ముడు ఏడుస్తూనే నవ్వాడు. "ఇక మనిద్దరం ఒకటే," అన్నాడు. పని పూర్తయ్యాక కిందికి దింపితే, పింజ ఒకసారి ఒళ్ళు విదిలించుకుని, కుర్చీల చుట్టూ గిరగిరా పదిసార్లు పరుగెత్తింది. దానికి నాలుగు కాళ్ళున్న సంగతి ఆ రోజే బయటపడింది.

అక్క వచ్చే రోజు దగ్గరపడుతున్నకొద్దీ తమ్ముడికి ముద్ద దిగలేదు. ఒకటి మాట తప్పిన భయం. రెండోది అంతకంటే పెద్దది: అక్క వస్తే పింజ వెళ్ళిపోతుంది, అదీ అక్క దగ్గరికి కాదు. డాక్టరు మీదకు నెట్టేద్దామా అని ఒక మాట కూడా తయారుచేసుకున్నాడు. "చర్మానికి ఏదో వచ్చిందట, తియ్యమన్నారు." అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. బాగానే కుదిరింది.

అక్క టాక్సీ దిగి నేరుగా సెలూన్‌లోకి వచ్చింది. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. తలుపు తెరుచుకోగానే బల్లకింది నుంచి చిన్న తెల్లటి ప్రాణి ఒకటి బాణంలా వచ్చి ఆవిడ కాళ్ళను చుట్టేసింది.

"ఇదెవరిదిరా?" అంది అక్క. అంతలోనే అది ఏడుపులాంటి కూత పెట్టేసరికి గుర్తుపట్టి కుర్చీలో కూలబడింది. "ఒరే... ఏం చేశావురా?"

తయారుచేసుకున్న మాట నాలుక దాకా వచ్చింది. జేబులో రిబ్బను వేళ్ళకు తగిలింది.

"నోటుబుక్కు చదవలేదక్కా," అన్నాడు తమ్ముడు. "ముందు నీళ్ళు పోశాను. చిక్కుపడింది. లాగితే ఏడ్చింది. గీసేశాను. దాని తప్పేం లేదు, డాక్టరు తప్పేం లేదు. అంతా నాదే."

"ఐదేళ్ళురా! ఐదేళ్ళు! రోజూ గంట! జుట్టు గురించి నీకు చెప్తున్నానా? అవును, నీకే చెప్పాను! చదవమన్నానా లేదా? ఏడో తరగతిలోనూ ఇంతే, ప్రశ్న చదవకుండా జవాబు రాసేవాడివి!"

తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క అరుస్తూనే ఉంది. ఆవిడ అరుస్తుండగానే పింజ ఒళ్ళోకి ఎక్కి, మూడుసార్లు చుట్టూ తిరిగి, ముడుచుకుంది. ఎడమచెయ్యి దానంతటదే వెళ్ళి వీపు మీద పడింది. అక్క గొంతు తగ్గింది. చెయ్యి మెడ మీదికి వెళ్ళింది, పక్కటెముకల మీదికి వచ్చింది, చెవి వెనక ఆగింది.

"ఇక్కడేంటిది? మచ్చ?"

"పుట్టుమచ్చే. ఐదేళ్ళుగా ఉన్నదే. మనకే కనపడలేదు."

అక్క చాలాసేపు ఆ మచ్చనే చూసింది. "చివరి పేజీ కూడా చదివావా?" అంది.

"చదివాను. ఆలస్యంగా." తమ్ముడు బల్లమీద నుంచి చిన్న దువ్వెన తీసి ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు. "ఒకసారి దువ్వి చూడు."

"ఎడంచేత్తోనా? నాకు చేతకాదు."

"చూడక్కా."

అక్క వంకరటింకరగా మెడ నుంచి తోక దాకా ఒకసారి లాగింది. రెండోసారి. మూడోసారికి ఇక దువ్వడానికేం మిగల్లేదు. పింజ కళ్ళు మూసుకుంది.

"రెండు నిమిషాల పని. చెయ్యి ఎత్తక్కర్లేదు," అన్నాడు తమ్ముడు. "ఆరువారాలకోసారి నేను కత్తిరిస్తాను. జుట్టు కోసమైతే ఆ అమ్మాయికిచ్చెయ్యి, ఇప్పుడు లేదు గాని మళ్ళీ పెరుగుతుంది. దీనికోసమైతే మాత్రం ఇవ్వకక్కా. మూడు వారాలకే దీన్ని వదలడం నావల్ల కావట్లేదు. నువ్వెలా ఇస్తావు?"

అక్క ముఖం పక్కకి తిప్పుకుంది. మూడు అద్దాలున్న గది అది, ఎటు తిప్పుకున్నా దాగదు. మూడింట్లోనూ అక్క ఏడుస్తోంది. తమ్ముడు తువ్వాలు అందించి, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఆవిడ ముక్కు తుడుచుకుని, "పూలకొట్టుకి ఫోన్ కలుపు," అంది. కలిపి చెవి దగ్గర పట్టుకున్నాడు. "అమ్మా, నేనే. మాట తప్పుతున్నాను, ఏమనుకోకు. పింజని ఇవ్వలేను." అవతల ఏదో అన్నారు. "లేదమ్మా, జుట్టు లేదు. అయినా ఇవ్వలేను," అంది అక్క.

తర్వాత నోటుబుక్కు తెమ్మంది. చివరి పేజీని పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో చించేసింది. మిగిలిన పుస్తకం తమ్ముడికిచ్చింది.

"నిలబడి చదువు. పైకి. మొదటి పేజీ నుంచి."

"అక్కా, కస్టమర్లు వచ్చే వేళ..."

అప్పటికే బస్సు కండక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ తమ్ముడు గొంతు సవరించుకుని, పుస్తకం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ముందు దువ్వెన, తర్వాత నీళ్ళు..."

"గట్టిగా చదవరా," అంది అక్క, ఒళ్ళో పింజ చెవులు నిమురుతూ. "దానికీ వినపడాలి."